ఎనిమిదుల జోడి

ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. పేక పత్తాల కట్టలో ఈ నాలుగింటి జోడీలంత మోసకారివి ఇంకేవీ ఉండవని నా గట్టి నమ్మకం. రెండ్ల జోడి వస్తే మనిషి దాని ముఖం చూసి వదిలేస్తాడు. రాజుల జోడి వస్తే ఆలోచించే పనే లేదు, ఉన్నదంతా పెట్టొచ్చు. ఈ నడుమవి మాత్రం చేతిలోకి రాగానే ఆశపెడతాయి, తీరా నిలబడాల్సిన చోట చేతులెత్తేస్తాయి. మా ఇండ్లలో నడుమ పుట్టిన పిల్లను నడిపిది అంటారు. నేనూ నడిపిదాన్నే కాబట్టి, వీటికి నడిపి జోడీలని పేరు పెట్టాను.

నేను జగిత్యాలలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తాను. హైదరాబాదులో చదివే రోజుల్లో హాస్టల్ గదిలో పోకర్ నేర్చుకున్నాను. పందెం పుట్నాలు. ఓడినవాళ్లు ఆ బాధలో గెలిచినవాళ్ల పుట్నాలు బుక్కేసేవారు, అందుకే ఏ ఆటా సరిగ్గా తేలేది కాదు. ఆట మాత్రం వంటబట్టింది. మనిషికి రెండు పత్తాలు బోర్లా పంచుతారు, అవి ఎవరివి వాళ్లకే. ఆ తర్వాత అందరికీ ఉమ్మడిగా నేల మీద ఐదు పత్తాలు తెరుస్తారు. మొదట మూడు, తర్వాత ఒకటి, చివరికి ఒకటి. చేతిలోవి, నేల మీదివి కలిపి మంచి ఐదు ఎవరికి కుదిరితే ఆట వాళ్లది. పందేనికి హద్దు లేదు. బుద్ధి పుడితే ముందున్నదంతా ఒక్కసారే నూకెయ్యొచ్చు. మా మగవాళ్లకు అన్నిటికంటే ముందు అర్థమైన నియమం ఇదే.

నడిపి జోడి వచ్చినప్పుడు ఏం చెయ్యాలో నేను నోరు నొప్పి పుట్టేదాకా చెప్పాను. తక్కువ పందెంతో నేల మీద మూడు పత్తాలు చూడండి. చేతిలో ఎనిమిదులుంటే, నేల మీద మూడో ఎనిమిది పడితే పండుగే. కానీ అది ఎనిమిది, తొమ్మిదిసార్లకు ఒకసారి పడితే గొప్ప. అది పడకుండా, పైగా ఏ రాజో రాణో వచ్చి కూర్చుంటే, దండం పెట్టి పత్తాలు కింద పెట్టెయ్యండి. ఇంతే పాఠం. మా కాలేజీలో మొద్దబ్బాయికి కూడా ఎక్కుతుంది. మా ఇంట్లోవాళ్లకు మాత్రం ఎక్కలేదు. వాళ్లంతా తీన్‌పత్తి ఆడి పెరిగినవాళ్లు. ఆ ఆటలో మనిషికి వచ్చేవే మూడు పత్తాలు, అందులో జోడి పడిందంటే అదృష్టం తలుపు తట్టినట్టే. ఎనిమిదుల జోడి పట్టుకుని లేచిపోయినవాణ్ణి పిరికివాడంటారు.

ఆ ఎనిమిదులే మా ఇంటి మీదికి తగువు తెచ్చాయి.

మా బాపు సిరిసిల్లలో నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. మా మామ, అంటే మా అమ్మకు ఉన్న ఒక్కగానొక్క తమ్ముడు, కోరుట్లలో దర్జీ. ఒకరు బట్ట నేస్తారు, ఒకరు బట్ట కుడతారు. బావా బామ్మర్దులు ఒకే పళ్లెంలో తిన్నంత దోస్తులు. నాకు తెలిసినప్పటి నుంచి బాపు ఒంటి మీద మామ కుట్టని అంగి లేదు. రెండున్నరేళ్ల కింద రుద్రంగిలో చుట్టాల పెండ్లికి పోయి, భోజనాల బంతి లేచేలోపు ఇద్దరూ తీన్‌పత్తికి కూర్చున్నారు. ఇద్దరికీ ఎనిమిదుల జోడి పడింది. తీన్‌పత్తిలో జోడీలు సమానమైతే మూడో పత్తా తేలుస్తుంది. బాపుది పది, మామది రాణి. ఆట మామది. అక్కడితో నవ్వుకుని లేచి ఉంటే ఏ గొడవా లేదు. బాపు నలుగురిలో ఒక మాట అనేశాడు.

"ఆ రాణి తొడ కింది నుంచి అచ్చింది."

మామ పత్తాలు కింద పెట్టి, చెప్పులేసుకుని, పెండ్లి భోజనం కూడా తినకుండా కోరుట్ల బస్సెక్కాడు. అంతే. అప్పటి నుంచి బావ బామ్మర్ది ఇంటి గడప తొక్కలేదు, బామ్మర్ది బావ ఊరి పొలిమేర తొక్కలేదు. బాపుకు తప్పు చేశానని మరునాడే తెలుసు. తెలిసినా ఒప్పుకోవడానికి ఆయనకు నోరు రాదు. పంతానికి బజారులో రెడీమేడ్ అంగీలు కొనడం మొదలుపెట్టాడు. అవి ఎవరి కొలతలకు కుట్టారో గానీ, చేతులు వేళ్ల మొదళ్లదాకా వేలాడేవి. మూడు మడతలు పెట్టేవాడు. పది నిమిషాలకోసారి అవి జారేవి.

వీళ్ల పంతం మధ్య నలిగింది అమ్మ. రాఖీ పున్నానికి ఒక్కతే బస్సులో కోరుట్ల పోయి తమ్ముడి చేతికి రాఖీ కట్టి, సాయంత్రానికి తిరిగొచ్చేది. కానీ ఒడిబియ్యం ఒక్కదానివల్ల అయ్యే పని కాదు. ఐదేండ్లకోసారి పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యం ఆడబిడ్డ ఒడిలో పోస్తారు. పక్కన పీట మీద భర్త కూర్చోవాలి. ఇద్దరికీ పుట్టింటి బట్టలు పెట్టాలి. అమ్మకు పోయాల్సిన ఏడాది దాటి రెండేండ్లయింది. నాలుగిండ్ల అవతలి ఆడవాళ్లకు ఒడిబియ్యం పోస్తుంటే పేరంటానికి పోయి, కుంకుమ పెట్టించుకుని, ఇంటికొచ్చి గప్‌చుప్‌గా మగ్గాలకు నూలు కండెలు చుట్టుకునేది. ఒక్కసారి మాత్రం ఫోన్లో నాతో అనేసింది.

"నాకు ఎవ్వలు లేరా బిడ్డా ఒడి నింపెటోళ్లు? ఉన్నడు గద తమ్ముడు. ఉండి లేనట్టేనా?"

ఆ మాటకు నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. కోపం ఎక్కువ. ఎలాగైనా వీళ్లిద్దరినీ ఒక చాప మీద కూర్చోబెట్టాలని పట్టుబట్టాను. సిరిసిల్ల కాదు, కోరుట్ల కాదు, మధ్యలో నా ఇల్లుంది. దసరా పోయిన మొదటి ఆదివారం ఇద్దరినీ జగిత్యాల రమ్మన్నాను. ఒకరు వస్తున్నట్టు ఒకరికి చెప్పలేదు. తీన్‌పత్తి అంటే పాత పుండు గెలికినట్టు అవుతుంది కాబట్టి, ఇద్దరికీ కొత్తదైన ఆట పెట్టాలనుకున్నాను. అమ్మ రెండు రోజుల ముందే వచ్చింది. సర్వపిండి కోసం గిన్నెకు పిండి అద్దుతూ, ఆట ఎట్లుంటదో చెప్పమంది. బోర్డు ముందు నిలబడ్డట్టే చెప్పాను. పత్తా ఎవరికి మొదట పంచుతావు, ఒక్కొక్కటా, రెండు రెండా, ఇద్దరికీ ఒక్కతీరు జోడి వస్తే ఎవరిది ఆట, అని ఏవేవో అడిగింది.

"నేల మీదివి ఇద్దరివీ ఒకటే కదమ్మా. సగం సగం" అన్నాను.

"అంటే ఎవ్వలు గెలువరు?"

"ఎవరూ గెలవరు, ఎవరూ ఓడరు."

"మంచి ఆటే" అని, పిండికి వేలితో తూట్లు పొడిచి, గిన్నె పొయ్యి మీద పెట్టింది.

ఆదివారం పొద్దున బాపు వచ్చాడు. దారిలో మల్యాల దగ్గర బస్సు ఆగితే గంపెడు సీతాఫలాలు కొనుక్కొచ్చాడు. అరగంటకు మామ గేటు తీశాడు. ఇద్దరూ ఒకరినొకరు చూశారు. బాపు ఆకాశం వైపు చూసి, "ఎండ బాగున్నది" అన్నాడు. మామ నా వైపు తిరిగి, "ఇంట్ల చుట్టాలున్నరని చెప్పకపోతివి బిడ్డా" అన్నాడు. వెనక్కి తిరగబోతుంటే అమ్మ మంచినీళ్ల చెంబుతో ఎదురొచ్చింది. అక్క ఇచ్చిన నీళ్లు కాదని పోయేటంత రాయి కాదు మా మామ. కూర్చున్నాడు, బాపుకు వీపు పెట్టి.

మనుషులు వీపులు పెట్టుకున్నా సీతాఫలాల ముందు పంతం నిలవదు. పందేనికి గింజలు కావాలి, గింజలు కావాలంటే పండ్లు తినాలి, కాబట్టి అందరూ ముందు పెట్టుబడి తినండి అని ప్రకటించాను. మా ఆయన ఒక్కడే ఏడు పండ్లు తిన్నాడు. నల్లగా మెరిసే గింజలు కడిగి, తుడిచి, మనిషికి నలభై పంచి, ఆట నియమాలు చెప్పాను. బాపు, మామ, మా ఆయన, నేను ఆటకు కూర్చున్నాం. అమ్మ ఆడనంది. నా కుడిపక్కన కూర్చుని, నేను కలిపిన కట్టను కోసి, పై సగాన్ని కిందికి మార్చే పని ఆమెది.

బావా బామ్మర్దుల మాటలన్నీ గోడ మీదుగా నడిచాయి. "కొందరు ఇంతసేపు ఆలోచన చేస్తరు, బస్సు ఎల్లిపోతది" అని బాపు ఫ్యానుతో అనేవాడు. "ఆలోచన లేకుంట మాట జారుడు కంటె నయమే" అని మామ సీతాఫలం తొక్కతో అనేవాడు. ఆటలో మాత్రం ఇద్దరూ కవల పిల్లలు. బాపుకు ఏడుల జోడి వచ్చింది, నేల మీద రాజు, జాకీ, తొమ్మిది పడ్డాయి. నా దగ్గర రాజుంది. బాపు గింజల కుప్పలో సగం నూకాడు. నేను గెలుచుకున్నాను.

"రాజు పడ్డంక ఏడులు ఎందుకు పనికొస్తయి బాపూ? చెప్పిన గదనే!"

"జోడి బిడ్డా! చేతుల జోడి వెట్టుకొని ఎట్ల లేస్తరు?"

మామ ఫ్యాను వైపు తిరిగి కిసుక్కున నవ్వాడు. రెండాటల తర్వాత తొమ్మిదుల జోడితో అచ్చం అదే పని చేసి అంతే గింజలు నాకు సమర్పించాడు. ఈసారి బాపు నవ్వాడు. అవమానం సరిసమానంగా పంచుకున్నాక ఇద్దరి మెడలూ కాస్త వదులయ్యాయి. సర్వపిండి, మాంసం కూర, అన్నం తిన్నాం. మామ రెండోసారి కూర పెట్టించుకున్నాడు. అది చూసిన అమ్మ ముఖం ఎంత వెలిగిందో నేను మరిచిపోలేను.

తిన్నాక మా ఆయన ఉన్న గింజలన్నీ పోగొట్టుకుని చాయ్ పెట్టడానికి లేచాడు. ఇంటి ఆడబిడ్డను, గెలిస్తే బాగుండదని నేనూ తప్పుకుని, నా గింజలు ఇద్దరికీ చెరిసగం ఇచ్చాను. ఇక మిగిలింది బాపు, మామ. ఎదురెదురుగా కూర్చున్నారు. నేను లోపలికి పోయి చాయ్ కప్పులు తెచ్చేసరికి అమ్మ పత్తాలు కలుపుతోంది.

"నీ చేతులు నొస్తున్నయేమో, నేను కలిపిన. పంచు" అని కట్ట నా చేతిలో పెట్టింది. కొయ్యమంటే, పైన వేలితో రెండుసార్లు తట్టి సరే అంది. మా దగ్గర కోయడం ఇష్టం లేనివాళ్లు అలాగే తడతారు.

ఒకటి బాపుకు, ఒకటి మామకు. మళ్లీ ఒకటి, ఒకటి. ఇద్దరూ పత్తాల చివరలు ఎత్తి చూసుకుని, ఇద్దరూ ఏమీ లేనట్టు ముఖం పెట్టారు. ఆ ముఖాలు నాకు కొట్టిన పిండి. జోడి పడిందన్నమాట. పందెం కొద్దికొద్దిగా పెట్టారు. నేల మీద మూడు తెరిచాను. కళావరు రాజు, కళావరు రాణి, డైమాన్ నాలుగు. నా పాఠం ప్రకారం నడిపి జోడి ఉన్నవాడు ఇక్కడ లేవాలి. బాపు గొంతు సవరించుకుని ముందున్నదంతా మధ్యకు నూకాడు. మామ చాయ్ ఒక గుక్క తాగి తనదంతా నూకాడు. ఇద్దరికీ ఒక్క గింజ మిగల్లేదు.

"తెరవండి" అన్నాను.

బాపు ఇస్పేటు ఎనిమిది, డైమాన్ ఎనిమిది పెట్టాడు. మామ ఆఠీను ఎనిమిది, కళావరు ఎనిమిది పెట్టాడు.

రుద్రంగి పెండ్లిపందిరి నడిచొచ్చి మా చాప మీద కూర్చుంది. బాపు చెవులు ఎర్రబడ్డాయి. మామ పత్తాల వైపు చూడకుండా గడప వైపు, చెప్పుల వైపు చూశాడు. ఇన్ని తంటాలు పడి ఇద్దరినీ తెస్తే, దేవుడు ఇంకే పత్తాలూ లేనట్టు ఇవే పంచాలా?

నాలుగో పత్తా తెరిచాను. కళావరు రెండు. అప్పుడు నాకొక్కదానికే అర్థమైన ప్రమాదం ఒకటుంది. నేల మీద మూడు కళావర్లు, మామ చేతిలో కళావరు ఎనిమిది. చివరి పత్తా కూడా కళావరు పడితే ఒకే రంగువి ఐదవుతాయి, ఆట మామది అవుతుంది. అవే ఎనిమిదులు, మళ్లీ మామే గెలవడం, మళ్లీ బాపు నోరు. ఐదింట ఒక వంతు అవకాశం. లెక్కలు రావడం ఎంత శాపమో ఆ క్షణంలో తెలిసింది. కండ్లు మూసుకుని తెరిచాను.

ఆఠీను ఐదు.

"సగం సగం!" అని అరిచాను. పొరుగింటివాళ్లు గోడ మీంచి చూసేంత గట్టిగా అరిచాను.

"మరి మూడో పత్తా?" అన్నాడు బాపు. రుద్రంగి ఆయన మనసులో ఇంకా పోలేదు.

"మూడోది నేల మీది రాజు బాపూ, అది మీ ఇద్దరిదీ. నాలుగోది రాణి, అదీ ఇద్దరిదీ. ఇందులో ఎవరి తొడ కిందా ఏమీ లేదు."

మాట నోరు దాటాక నాలుక కరుచుకున్నాను. బాపు తల దించాడు. గింజల కుప్పను రెండుగా చేయడానికి చెయ్యి చాపాడు. ఆ సరికే అంగి చేతుల మడతలు మూడూ జారి, కఫ్ గింజల మీద పడి, సగం గింజలు చాప కిందికి చెదరగొట్టింది. పొద్దున్నుంచీ ఆ చేతుల వైపు చూస్తూ పండ్లు నూరుతున్న మామ ఇక ఆగలేకపోయాడు. ఆ మణికట్టు పట్టుకున్నాడు.

"గీ చేతులేంది బావా, గిట్ల వేలాడుతున్నయి? ఎవడు కుట్టిండు నీకు? మనిషికి కుట్టిండా, దిష్టిబొమ్మకు కుట్టిండా?"

రెండున్నరేళ్ల తర్వాత గోడకు, ఫ్యానుకు కాకుండా బావకు చెప్పిన మొదటి మాట అది.

"కొన్న" అన్నాడు బాపు చిన్నగా. "నువ్వు కుట్టవైతివి గద."

"నువ్వు బట్ట తేకపోతివి గద!"

"నేను మాట జారిన బామ్మర్ది. తొడ కింద ఏం లేకుండె. నాకెర్కే."

మామ "లెవ్వు, నిలబడు" అని బాపును లేపి, టేపు లేక జానతోనే భుజం, చెయ్యి, మెడ కొలిచాడు. "బక్కగైనవ్" అన్నాడు. మా ఆయన చాయ్ జల్లెడ పట్టుకుని తలుపులోనే నిలబడిపోయాడు. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మామ వేళ్లు బాపు మెడ దగ్గరుండగానే అటు తిరిగి అడిగాడు.

"అక్కా, నీ ఒడిబియ్యం తప్పిపోయినయి గద. వచ్చే శుక్రారం పోస్త. బావ పీట మీద కూసుంటడా, అడుగు."

"చేతులు సరిగున్న అంగి ఉంటె కూసుంట" అన్నాడు బాపు.

ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు. ఒకే కట్టలో పైనున్న నాలుగు పత్తాలూ ఎనిమిదులే కావడం ఎంత అరుదో కాలేజీలో బోర్డు మీద లెక్క కట్టి చూపించాను. రెండు లక్షల డెబ్బై వేల ఏడు వందల ఇరవై ఐదింట ఒక్కసారి. అది మా ఇంట్లో, నా చేతి మీదుగా జరిగిందని మూడు సెక్షన్లలో చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

శుక్రవారం కోరుట్లలో మామ ఇల్లు నిండిపోయింది. అమ్మ, బాపు పీటల మీద కూర్చున్నారు. బాపు ఒంటి మీద మామ కుట్టిన లేతనీలం అంగి. చేతులు సరిగ్గా మణికట్టు దగ్గర ఆగాయి. పసుపు బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, ఒక్కొక్క దోసిలీ అమ్మ ఒడిలో పడుతుంటే నాకు కండ్లనీళ్లు ఆగలేదు. సంతోషంతో ఏడవడం పుస్తకాల్లో మాటనుకునేదాన్ని. అది నిజమే.

పేరంటాళ్లు తిని పోయాక లోపలి గదిలో అమ్మ ఒడి విప్పి బియ్యం మూట కడుతుంటే, నేను మళ్లీ నా లెక్క మొదలుపెట్టాను. రెండు లక్షల డెబ్బై వేలమ్మా...

"ఏడ లక్షలు బిడ్డా" అంది అమ్మ, తల ఎత్తకుండానే. "నాలుగు ఎనిమిదులు నేనే పైన వెట్టిన. నువ్వు కప్పులకు పోయినప్పుడు."

తెగిన పోగు ఎక్కడ అతికిందో వెతికినా కనపడకుండా ముడి వేసే చేతులు ఆమెవి. నా ఎదుటే నలభై ఆటలు చూసింది. ఒక్కొక్కటే పంచుతానని నేనే చెప్పాను. సగం సగమని కూడా నేనే చెప్పాను.

"వాళ్లు రాజును చూసి పత్తాలు కింద పెట్టేస్తే ఏం చేసేదానివి?"

"జోడి వదిలే మొగోడు మనింట్ల ఎవడున్నడు? గదొక్కటి నాకు బాగ ఎర్క."

మూడు సెక్షన్ల చప్పట్లు చెవుల్లో మోగుతుంటే, నాకు ఇంకోటి గుర్తొచ్చింది.

"మరి చివరికి కళావరు పడి ఉంటే? మామ గెలిచేవాడు! మళ్లీ రుద్రంగే అయ్యేది, తెలుసా నీకు?"

అమ్మకు కళావరు సంగతి అసలు తెలియదు. తెలిసినా ఆమె చేతులు ఆగేవి కావనుకుంటాను. మూటకు ముడి బిగించి నా వైపు చూసింది.

"అయితే అయితుండె. ఇంకో మాటు చాయ్ పెట్టిపిద్దును. మల్ల నేనే కలుపుదును" అంది. "ఇగ ఈ మూట అందుకో. మెల్లగ, బరువున్నది."